రెండో ఎండ్‌లో రాజుగారు

2001 మార్చి 15. కలకత్తా టెస్టు ఐదో రోజు. ఒంటిపూట బళ్ళు నడుస్తున్న రోజులవి. ఉండిలో మా పెదనాన్నగారి హాల్లో ఒక చిన్న టీవీ, దాని ముందు మా వీధిలో సగం మంది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నవాళ్ళు. కరెంటు పోతుందేమోనని అందరికీ ఒకటే భయం. ఆస్ట్రేలియా రెండు వికెట్లు పోగొట్టుకుని ఇంకా నిబ్బరంగానే ఉంది. అప్పుడు వెంకటపతి రాజు చేతికి బంతి వచ్చింది.

"ఇప్పుడు ఈయనకెందుకిచ్చాడ్రా?" అన్నాడు పెదనాన్న. "పరిగెత్తమనలేదులే, బౌలింగేగా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ జోకు ఎక్కడిదో నాకు అప్పటికి సరిగ్గా తెలీదు. పెద్దవాళ్ళు నవ్వారు కాబట్టి నవ్వానంతే. కాసేపటికి మార్క్ వా ఎల్బీడబ్ల్యూ. సున్నా. స్కోరు 116, మూడు వికెట్లు. హాలంతా లేచి గంతులేసింది. ఆ తర్వాత సాయంత్రం దాకా జరిగింది దేశమంతటికీ తెలుసు కాబట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు.

తెలిసింది అనుకుంటాం గానీ, ఒకసారి ఆగి చూడండి. ఆ మ్యాచ్ గురించి ఎవర్నడిగినా లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, వాళ్ళిద్దరి 376 పరుగుల భాగస్వామ్యం, హర్భజన్ హ్యాట్రిక్, అతని 13 వికెట్లు, ఫాలోఆన్ ఆడి గెలవడం, పదహారు వరుస విజయాల ఆస్ట్రేలియా బండి ఆగిపోవడం గుక్కతిప్పుకోకుండా చెబుతారు. రెండో ఇన్నింగ్స్‌లో టెండూల్కర్ మూడు వికెట్లు తీశాడనీ చెబుతారు. ఆరుకు మూడు కలిపితే తొమ్మిది. మిగిలిన ఆ పదో వికెట్ ఎవరిది అని అడిగితే మాత్రం క్విజ్ పోటీలకి వెళ్ళేవాళ్ళు కూడా ఒక క్షణం తడుముకుంటారు. అది రాజుది. అదే అతని ఆఖరి టెస్టు.

సాగి లక్ష్మీ వెంకటపతి రాజు టెస్టు జీవితం 28 మ్యాచ్‌లు, 93 వికెట్లు. అంకెలు మాత్రమే చూస్తే "ఓ మోస్తరు" అని పక్కన పెట్టేయొచ్చు. నేనూ చాలాకాలం అలాగే పెట్టాను. ఈమధ్య పాత స్కోరుకార్డులు వరసపెట్టి చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఈ మనిషి బాగా బౌలింగ్ చేసిన ప్రతిరోజూ మనం ఇంకెవర్నో చూస్తున్నాం. అతను తడబడిన ఒక్క రోజు మాత్రం అందరం అతన్నే చూస్తున్నాం. ఈ వ్యాసం ఆ లెక్క సరిచేసుకోడానికి.

*

పుట్టింది 1969 జులై 9న, గోదావరికి అవతల, కోనసీమ వైపు ఆలమూరులో. మా ఊరి నుంచి చూస్తే గోదావరి పాయలు దాటి వెళ్ళాలి. అయినా మావాళ్ళకి అది అడ్డం కాలేదు. టీవీలో "రాజు" అని వినపడగానే ఉండిలో సగం అరుగుల మీద "మనోడే" అనేవారు. ఇంటిపేరు సాగి అని తెలిశాక చుట్టరికాలు కలపడం కూడా మొదలైంది. ఎవరి పెద్దమ్మ ఆడపడుచు వాళ్ళ ఊరు కోడలో విచారణలు జరిగేవి. బాగా ఆడితే "మన రాజుగారు", వికెట్ పడకపోతే "ఆ రాజు". బహువచనం ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో బౌలింగ్ గణాంకాలే చెప్పేవి.

కానీ అతని క్రికెట్ మా డెల్టాది కాదు, హైదరాబాద్‌ది. ఇది కొంచెం చరిత్రలోకి వెళ్తే గానీ అర్థం కాదు. హైదరాబాద్ జట్టు రంజీ ట్రోఫీ మొదటి సీజన్ 1934-35 నుంచి ఉంది. 1937-38లోనే కప్పు గెలిచింది. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది 1953-54లో. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమయ్యాయి గానీ క్రికెట్‌లో మాత్రం కలవలేదు. రెండు సంఘాలు, రెండు జట్లు అలాగే ఉండిపోయాయి. హైదరాబాద్ ఫతే మైదానంలో మొదటి టెస్టు 1955 నవంబరులో జరిగితే, విశాఖపట్నంలో మొదటి టెస్టు 2016 నవంబరులో జరిగింది. మధ్యలో అరవై ఒక్క ఏళ్ళు. 1980లలో కోస్తా పిల్లాడికి క్రికెట్ మీద ఆశ ఉంటే చూపు హైదరాబాద్ వైపే పోయేది.

హైదరాబాద్‌కి బౌలర్ల వంశం ఒకటి ఉంది, అందులో స్పిన్నర్లదే పెద్ద పీట. ఆ వంశానికి మూలపురుషుడు ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. 1950-51 రంజీ సీజన్లో హోల్కర్ జట్టు మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 92.3 ఓవర్లు వేసిన మనిషి. అంటే 555 బంతులు! 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 49 పరుగులకి 7 వికెట్లు తీశాడు. దేశానికి కెప్టెన్సీ కూడా చేశాడు. తర్వాత శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్. వీళ్ళంతా ఆఫ్ స్పిన్నర్లు. ఆ వరసలో ఎడమచేత్తో స్పిన్ వేస్తూ వచ్చినవాడు రాజు. 1985-86 సీజన్లో హైదరాబాద్ తరఫున మొదలుపెట్టాడు. అప్పటికి పదహారేళ్ళు. 1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ మీద టెస్టు ఆరంగేట్రం. అక్కడ నైట్ వాచ్‌మన్‌గా పంపితే 31 పరుగులు కొట్టాడు. చివరిదాకా అదే అతని అత్యధిక టెస్టు స్కోరు.

సన్నగా ఉండేవాడు. టెస్టు క్రికెట్ ఆడే మనిషిలా కాదు, మా కాలేజీలో లైబ్రరీ కార్డులు చూసే అబ్బాయిలా. అందుకే జట్టులో వెటకారంగా "మజిల్స్" అని పేరు పెట్టారు. అదే ఏడాది ఇంగ్లండ్ పర్యటనలో గ్లూస్టర్‌షైర్‌తో మ్యాచ్‌లో కోర్ట్నీ వాల్ష్ బంతి తగిలి ఎడమచేతి వేలి కణుపు విరిగింది. స్పిన్ వేసే చెయ్యే అది. ఆ పర్యటనలోనే కుంబ్లే అనే కళ్ళద్దాల కుర్రాడు తన మొదటి టెస్టు ఆడాడు. ఈ ఇద్దరి కథా ఆ తర్వాత చాలా దూరం కలిసి నడుస్తుంది.

*

ఇక 1990 నవంబరు, చండీగఢ్. సెక్టర్ 16 స్టేడియం. శ్రీలంకతో టెస్టు. ఇండియా 288కి ఆలౌటైంది. బదులుగా శ్రీలంక 82. రాజు గణాంకాలు 17.5 ఓవర్లు, 13 మెయిడెన్లు, 12 పరుగులు, 6 వికెట్లు.

ఈ నాలుగు అంకెల్నీ ఇంకోసారి చదవండి. 17.5 ఓవర్లంటే 107 బంతులు. అందులో 13 మెయిడెన్లంటే 78 బంతులు. మెయిడెన్లు తీసేస్తే మిగిలేది 29 బంతులు. వాటిలోనే ఆ 12 పరుగులూ వచ్చాయి. ఇవాళ ఐపీఎల్‌లో ఒక ఓవర్‌కి 12 ఇస్తే "పర్లేదు, బానే వేశాడు" అంటున్నాం. అతను ఆ 12 పరుగులు ఒక టెస్టు ఇన్నింగ్స్ మొత్తానికి ఇచ్చాడు, బదులుగా ఆరుగురిని తీసుకున్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో శ్రీలంక 198. ఇండియా ఇన్నింగ్స్ 8 పరుగులతో గెలిచింది.

ఒక బౌలర్ ఎదుటి జట్టు మీద పూర్తిగా పెత్తనం చేసిన రోజంటే ఇదే. మరి దీన్ని మనం ఎందుకు గుర్తుపెట్టుకోలేదు? ఒక కారణం చిత్రంగా ఉంటుంది. సెక్టర్ 16లో జరిగిన టెస్టు అదొక్కటే. అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. పక్కనే మొహాలీలో కొత్త స్టేడియం కట్టారు, 1994 డిసెంబరు నుంచి టెస్టులు అక్కడికి వెళ్ళిపోయాయి. మొహాలీ తొలి టెస్టులోనూ రాజు ఆడాడు. కానీ ఈడెన్‌కీ చెపాక్‌కీ ఉన్నట్టు "ఈ గడ్డ మీదే ఒకప్పుడు..." అని ప్రతి మ్యాచ్‌లోనూ గుర్తుచేసే వ్యాఖ్యాతలు సెక్టర్ 16కి లేరు. జ్ఞాపకం నిలబడాలంటే దానికో చోటు ఉండాలి. ఈ జ్ఞాపకానికి ఆ చోటు లేకుండా పోయింది.

*

ఇప్పుడు ఆ జోకు సంగతి. 1992 మార్చి 1, బ్రిస్బేన్, ప్రపంచకప్. ఆస్ట్రేలియా 237. మధ్యలో వాన పడి మూడు ఓవర్లు పోతే, ఆ ఏడాది అమల్లో ఉన్న వింత నిబంధన వల్ల లక్ష్యం రెండే రెండు పరుగులు తగ్గింది. 47 ఓవర్లలో 236. కెప్టెన్ అజహరుద్దీన్ 93 కొట్టాడు. ఆఖరి ఓవర్ టామ్ మూడీది. ఆఖరి బంతికి నాలుగు కావాలి. శ్రీనాథ్ గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర స్టీవ్ వా చేతుల్లో పడ్డ క్యాచ్ జారిపోయింది. రెండు పరుగులు పూర్తయ్యాయి. మూడోది తీస్తే టై. పరిగెడుతున్నది వెంకటపతి రాజు. స్టీవ్ వా విసిరిన బంతి డేవిడ్ బూన్ చేతికి చేరింది, రాజు ఇంకా చేరలేదు. ఒక్క పరుగు తేడాతో ఓటమి.

మా ఊరి జోకు ఇదే. పరుగు మిస్సయితే "రాజుగారూ, మూడోది!" అనేవాళ్ళు. బస్సు తప్పిపోయినవాడిని చూసి కూడా అనేవాళ్ళు. నేను ఇంజినీరింగ్‌లో చేరాక హాస్టల్లో ఈ జోకు నాదే అన్నట్టు చెప్పి నవ్వించాను. అసలా మ్యాచ్‌లో ఇండియా మిగతా 46 ఓవర్లలో ఎక్కడ వెనకబడిందో, ఆ వాన నిబంధన ఎంత అన్యాయమో ఎవరూ మాట్లాడలేదు. పదకొండో నంబరులో దిగిన ఒక స్పిన్నర్ మూడో పరుగు పూర్తిచెయ్యలేకపోవడం కళ్ళ ముందు నిలిచిపోయింది. చండీగఢ్ 107 బంతుల్ని టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించినట్టు నాకు గుర్తులేదు. ఈ ఒక్క పరుగుని మాత్రం లెక్కలేనన్నిసార్లు చూశాను.

*

ఉద్యోగం పని మీద కొన్నాళ్ళు అమెరికాలో ఉన్నప్పుడు సహోద్యోగులు బేస్‌బాల్ చూడ్డానికి తీసుకెళ్ళారు. మొదట్లో అర్థం కాలేదు గానీ ఒక విషయం దగ్గర ఆగిపోయాను. అక్కడ బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. మైదానం మధ్యలో చిన్న మట్టిదిబ్బ. విసిరేది ఎప్పుడూ అక్కడి నుంచే, ఒకే దిక్కుకి. అతన్ని మార్చేదాకా ప్రతి బంతీ అతనిదే. మ్యాచ్ గెలిస్తే ఆ గెలుపు ఒక పిచర్ పేరున రాస్తారు, ఓడితే ఓటమి కూడా అలాగే. వాషింగ్టన్ జట్టుకి 1907 నుంచి 1927 దాకా ఆడిన వాల్టర్ జాన్సన్ పేరు మీద 417 గెలుపులున్నాయి. చాలా ఏళ్ళు అతని జట్టు అంతంతమాత్రమే అయినా ఆ 417 అతని ఖాతాలోనే ఉంటాయి. వందేళ్ళయినా ఎవరూ చెరపలేరు.

క్రికెట్‌లో బౌలర్‌కి గెలుపోటముల ఖాతా లేదు. ఇంకా ముఖ్యమైన తేడా ఏంటంటే, ఒకే బౌలర్ వరసగా రెండు ఓవర్లు వెయ్యకూడదు. ఆరు బంతులు అయ్యాక బంతి రెండో ఎండ్‌కి పోవాల్సిందే. ఎంత మొనగాడైనా సగం ఆటే అతనిది. రెండో సగం ఇంకొకరిది. కాబట్టి మన ఆటలో బౌలింగ్ పెత్తనం అనేది ఎప్పుడూ జంటగానే జరుగుతుంది. ఒక ఎండ్‌లో పరుగులు రాకుండా బిగిస్తే బ్యాట్స్‌మన్‌కి ఊపిరాడదు. ఆ ఉక్కపోత తట్టుకోలేక అవతలి ఎండ్‌లో షాట్‌కి వెళ్తాడు, అవుటవుతాడు. స్కోరుకార్డులో అవతలి బౌలర్ పేరు పడుతుంది. బిగించినవాడి పేరు పక్కన మెయిడెన్ల అంకె ఒకటి పెరుగుతుంది.

మా వృత్తిలోనూ ఇదే బాధ. లాగ్‌లో ఆఖరి మార్పు చేసినవాడి పేరు కనిపిస్తుంది. దానికి ముందు మూడు నెలలు సిస్టమ్ పడిపోకుండా కాపు కాసినవాడి పేరు ఎక్కడా కనపడదు. అందుకే కాబోలు ఈ మనిషి స్కోరుకార్డులు నన్ను అంతగా లాగాయి.

రాజు 28 టెస్టుల్లో వేసినవి 7,602 బంతులు. ఇచ్చిన పరుగులు 2,857. ఓవర్‌కి రెండుంపావు. అతను చేసిన పని ఈ సగటులో ఉంది.

*

ఆ పని బాగా కనిపించే సిరీస్ 1993 ఇంగ్లండ్‌ది. అజహర్ కెప్టెన్సీ ఊగిసలాటలో ఉంది. కలకత్తా, మద్రాసు, బొంబాయి. మూడు టెస్టులూ ఇండియావే. చివరి రెండూ ఇన్నింగ్స్ తేడాతో. ముగ్గురు స్పిన్నర్లు ఆడారు. కుంబ్లేకి 21 వికెట్లు, రాజుకి 16, రాజేశ్ చౌహాన్‌కి 9.

ముగ్గురూ మూడు రకాలు. కుంబ్లే బంతి వేగంగా, నేరుగా వికెట్ల మీదకి వచ్చేది, పెద్దగా తిరిగేది కాదు. చౌహాన్ ఆఫ్ స్పిన్. రాజుది ఎడమచేతి నెమ్మది. చిన్న చిన్న అడుగులతో వచ్చి బంతిని గాల్లోకి వదిలేవాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్ కళ్ళ ఎత్తుకి లేచి, లోపలికి జరుగుతున్నట్టు అనిపించి, పడ్డాక బయటికి తిరిగి స్లిప్ వైపు పోయేది. అలా నాలుగు వేశాక ఐదోది తిరక్కుండా చేతి వాలులోనే నేరుగా లోపలికొచ్చి ప్యాడ్‌కి తగిలేది. కుంబ్లే బంతికి తొందరగా బ్యాట్ దించాలి, రాజు బంతికి ఆగి దించాలి. ప్రతి ఆరు బంతులకీ గడియారం మార్చుకోవాల్సొచ్చేది. ఆ సిరీస్‌లో ఇంగ్లండ్ బ్యాట్స్‌మెన్ ఓడిపోయింది ఒక బౌలర్‌కి కాదు, ఈ మార్పుకి.

ఓడాక వాళ్ళ పత్రికలు ఏం రాశాయి? కలకత్తా పొగమంచు అన్నారు. దాని మీద అధ్యయనం చేయించాలని వాళ్ళ సెలక్టర్ల పెద్ద టెడ్ డెక్స్‌టర్ పూనుకున్నాడు కూడా. మద్రాసు టెస్టుకి కెప్టెన్ గూచ్ కడుపు పాడై ఆడలేకపోతే రొయ్యలు అన్నారు. రొయ్యల చెరువుల మధ్య పెరిగినవాడిగా ఈ ఆరోపణ నేను వ్యక్తిగతంగా తీసుకున్నాను. సరే, నవ్వులాట పక్కనపెడదాం. ఓడినవాళ్ళు పొగనీ రొయ్యల్నీ తలుచుకున్నారు. గెలిచిన మనం కుంబ్లేని తలుచుకున్నాం. పదహారు వికెట్ల మనిషి మధ్యలో ఎక్కడో జారిపోయాడు.

మరుసటి ఏడాది ఇంకా స్పష్టం. 1994 ఫిబ్రవరి, అహ్మదాబాద్, శ్రీలంక. ఈ టెస్టు తేదీ క్రికెట్ చరిత్రలో ఉంది, ఎందుకంటే కపిల్‌దేవ్ తన 432వ వికెట్ తీసి హ్యాడ్లీ రికార్డు దాటింది ఇక్కడే. షార్ట్ లెగ్‌లో మంజ్రేకర్ పట్టిన ఆ క్యాచ్ ఫొటో మీరూ చూసే ఉంటారు. అదే మ్యాచ్‌లో రాజు 38కి 5, 87కి 6. మొత్తం 125 పరుగులకి 11 వికెట్లు, జీవితంలో అత్యుత్తమం. ఇండియా ఇన్నింగ్స్ 17 పరుగులతో గెలిచింది. ఆ రోజు దేశం చూసింది మాత్రం ఆ ఒక్క వికెట్‌నే. చూడాల్సిందే, కాదనను. కపిల్ ఆ ఒక్క వికెట్ కోసం పదిహేనేళ్ళకి పైగా పరిగెత్తాడు. కానీ ఒక వికెట్‌కీ పదకొండు వికెట్లకీ మధ్య ఎంత చోటుందో ఒకసారి చూడండి.

అదే సంవత్సరం చివర వెస్టిండీస్ వచ్చింది. మూడు టెస్టుల్లో రాజుకి 20 వికెట్లు. సిరీస్ 1-1. కానీ అది జిమ్మీ ఆడమ్స్ సిరీస్‌గా మిగిలింది. ఎడమచేతి వాటం ఆడమ్స్ ప్యాడ్ ముందుకి చాపి, విసుగన్నది లేకుండా స్పిన్నర్లని అడ్డుకుని 173 సగటుతో 520 పరుగులు చేశాడు. ఈసారి రాజు ఓర్పుకి ఎదురైంది ఇంకొకడి ఓర్పు.

*

ఇక్కడ అభిమానం పక్కనపెట్టి కొన్ని మాటలు ఒప్పుకోవాలి. ఈ వికెట్లలో ఎక్కువ భాగం మన దేశపు పిచ్‌ల మీద వచ్చినవే. విదేశాల్లో అతనికి ఆ పట్టు దొరకలేదు. ఒక్కో టెస్టు వికెట్‌కి సగటున 80కి పైగా బంతులు పట్టాయి. గొప్ప వికెట్ వేటగాడి లెక్క కాదది. కుంబ్లేతో సమానం అని నేను అనడం లేదు. కుంబ్లే 619 వికెట్ల దాకా వెళ్ళాడు, వెళ్ళాల్సినవాడే.

నేననేది ఒక్కటే. 619కి వెళ్ళే దారిలో మొదటి మైళ్ళు ఎవరితో కలిసి నడిచాడన్నది కూడా చరిత్రే. రాజేశ్ చౌహాన్ విషయంలో ఒక వింత రికార్డుంది. అతనాడిన 21 టెస్టుల్లో ఇండియా ఒక్కటీ ఓడలేదు. అది చౌహాన్ ఒక్కడి గొప్పా? కుంబ్లే ఒక్కడి గొప్పా? 1990లలో స్వదేశంలో మనం కట్టిన కోటకి మూడు గోడలుండేవి. 1998లో వార్న్‌తో సహా ఆస్ట్రేలియా వచ్చినప్పుడు మద్రాసు టెస్టు ఆఖరి రోజు మళ్ళీ ఆ ముగ్గురే బౌలింగ్ చేశారు. ఆ సిరీస్‌ని టెండూల్కర్ వర్సెస్ వార్న్ అని చెప్పుకుంటాం. అదీ నిజమే. రెండో ఇన్నింగ్స్‌లో పది వికెట్లు పడగొడితే గానీ టెండూల్కర్ 155కి గెలుపు దొరకదన్నదీ అంతే నిజం.

ఆ సిరీస్‌లోనే హర్భజన్ సింగ్ మొదటి టెస్టు ఆడాడు. ఎడమచేతి స్పిన్నర్ స్థానానికి అప్పటికే సునీల్ జోషి పోటీలో ఉన్నాడు. రాజు మెల్లగా జట్టు పక్కకి జరిగిపోయాడు. కుంబ్లే భుజం ఆపరేషన్‌తో 2001 సిరీస్‌కి దూరమయ్యాక, ముప్ఫై ఒకటో ఏట మళ్ళీ పిలుపొచ్చింది. కలకత్తా. మార్క్ వా. ఇందాక చెప్పిన ఆ ఐదో రోజు.

మేం టీవీ ముందు గంతులేసిన ఆ వికెట్ ఎందుకు ముఖ్యమో నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. మార్క్ వా స్పిన్‌ని అలవోకగా ఆడేవాడు. ఆ రోజు మ్యాచ్ నిలబెట్టాలంటే ఆస్ట్రేలియాకి కావాల్సింది సరిగ్గా అలాంటివాడే. అతను సున్నాకి పోయాడు. తర్వాత వచ్చిన స్టీవ్ వా కాసేపు నిలబడ్డా, 166 దగ్గర తలుపు తెరుచుకున్నాక ఇల్లంతా కూలింది. 212 ఆలౌట్. ఆ రోజు గెలుపు మేడకి ముందు పడ్డ మెట్టు అది. మేడ ఎక్కాక మెట్టుని ఎవరు చూస్తారు?

*

ఆట మానేశాక కూడా అతని దారి మారలేదు. దిలీప్ వెంగ్‌సర్కార్ అధ్యక్షుడిగా ఉన్న సెలక్షన్ కమిటీలో రాజు సభ్యుడు. ఆ కమిటీ హయాంలోనే ధోనీ కుర్రాళ్ళ జట్టు 2007 టీ20 ప్రపంచకప్‌కి వెళ్ళి గెలుచుకొచ్చింది. సెలక్టర్ల పేర్లు ఎవరికి గుర్తుంటాయి? ఇప్పటి కుర్రాళ్ళకి ఆయన ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానంలో వినిపించే ఒక నెమ్మదైన గొంతు. అంతే.

ఆ ఎండ్‌లో మాత్రం తర్వాత ఎవరో ఒకరు నిలబడుతూనే ఉన్నారు. హైదరాబాద్‌కే ఆడిన ఎడమచేతి స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా 2013 నవంబరులో ముంబయిలో వెస్టిండీస్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ ఐదేసి వికెట్లు తీశాడు. అది టెండూల్కర్ వీడ్కోలు టెస్టు. దేశమంతా కన్నీళ్ళు తుడుచుకుంటోంది. ఓఝాకి మళ్ళీ టెస్టు ఆడే అవకాశం రాలేదు. పది వికెట్లు తీసిన మ్యాచే ఆఖరి మ్యాచ్! రాజు అహ్మదాబాద్ కథ తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

2025లో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచినప్పుడు కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి 14 వికెట్లు తీసింది. ఎడమచేతి స్పిన్నరే. జట్టులో ఆమె కన్నా ఎక్కువ వికెట్లు దీప్తి శర్మవి, 22. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కూడా దీప్తే. మళ్ళీ అదే లెక్క, ఒక ఎండ్‌లో ఒకరు, రెండో ఎండ్‌లో ఇంకొకరు. కానీ ఒక తేడా ఉంది. ఈ పిల్ల పెద్ద క్రికెట్‌లోకి ఆంధ్ర జట్టు నుంచే వచ్చింది, హైదరాబాద్ వైపు చూడక్కర్లేకుండా.

*

మొన్న సంక్రాంతికి ఉండి వెళ్ళాను. సార్వా కోతలయ్యాక దాళ్వా నాట్లకి ముందు దొరికే ఆ కొద్దిరోజుల్లో, మళ్ళీ ఎండాకాలం కాలవలు కట్టేశాక, మేం వరి దుబ్బులు చెక్కి పిచ్ చేసుకునేవాళ్ళం. ఆ చేలల్లో చాలాభాగం ఇప్పుడు చేపల చెరువులు. మిగిలిన కాస్త చోట కుర్రాళ్ళు ఆడుతున్నారు. వాళ్ళ రూల్ మా కాలంలో ఉన్నదే. చెరువులోకి కొడితే అవుట్, బంతి కొట్టినవాడే కొనివ్వాలి. ఈ రూల్ స్పిన్నర్‌కి ఎంత మేలో మాకెప్పుడూ తట్టలేదు. అందరం ఫాస్ట్ బౌలింగే వేసేవాళ్ళం.

ఒక సన్నటి పిల్లాడు ఎడమచేత్తో నెమ్మదిగా వేస్తున్నాడు. బంతి గాల్లోకి లేపుతున్నాడు. బ్యాటింగ్ చేసేవాడు చెరువు వైపు చూస్తాడు, బంతి ఖరీదు గుర్తొచ్చి ఆగుతాడు, మళ్ళీ అడ్డం పెడతాడు. నాలుగు బంతులు ఇదే వరస. తర్వాతి ఓవర్ రెండో వైపు నుంచి ఇంకొకడు వేగంగా వేశాడు. వాడి మొదటి బంతికే బ్యాట్ గుడ్డిగా ఊపి బౌల్డయ్యాడు. అందరూ వేగంగా వేసినవాడి మీద పడి కౌగిలించుకున్నారు. ఎడమచేతి వాడు దూరంగా గట్టు దగ్గర నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

నేను గట్టు మీద నుంచి, "బానే వేశావు, రాజుగారూ" అన్నాను. వాడు అయోమయంగా చూసి, "నా పేరు రాజు కాదండి" అన్నాడు.